మొద్దుబారని బ్లేడు కోసం

మెరిసే స్టిక్కరు కాగితం వెనక అంటుకున్న తెల్లకాగితాన్ని ఒలిచేటప్పుడు ఒక జిగురు వాసన వస్తుంది. కొత్త చెప్పుల పెట్టె వాసనకు కాస్త కిరసనాయిలు కలిపినట్టుంటుంది. బస్సుల మీద పేర్లకీ, బళ్ల నంబరు పలకలకీ వాడే ఆ కాగితాన్ని బరంపురంలో అందరూ రేడియం అనే అంటారు. మా కొట్లో ఇప్పుడు అక్షరాలు కోసేది మిషను. నేను పేరు కొడతాను, అది గురగురమంటూ కోసిపెడుతుంది. మొన్న దాని లోపలి బ్లేడు, చీపురుపుల్లంత ముక్క, మొద్దుబారి ఒడియా అక్షరాల గుండ్రటి తలలన్నీ చింపేసింది. దాన్ని ఊడదీసి ఎడమ బొటనవేలి గోరు మీద ఆనించి చూశాను. పదునుంటే గోటిని పట్టుకుంటుంది, లేకపోతే జారుతుంది. జారింది. పదేళ్ల వయసు నుంచీ ఇదే గోటి మీద బ్లేళ్లు పరీక్ష చేస్తూ కూర్చున్నానని గుర్తొచ్చి, ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియకపోవడమేమిటి, తెలుసు.

మా నాన్న పుట్టింది పొడంపేటలో, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట. ఒకసారి వల లాగుతుంటే తాడు కుడిచేతి బొటనవేలికి మెలిపడి లోపలి నరం తెంపేసింది. వేలు మిగిలింది గానీ దాంట్లో బలం లేదు. తెడ్డు పట్టలేనివాడికి సముద్రం మీద పనేముంది? బరంపురం వచ్చి, అంకులిలో ఇల్లు అద్దెకు తీసుకుని, అమ్మ ఎండుచేపల బజారుకు పోతుంటే తను బస్‌స్టాండు దగ్గర పావురాల గూడంత కొట్టు పెట్టాడు. ఏ అక్షరాన్నయినా ఒకసారి చూస్తే పెన్సిలుతో అచ్చం దించేసేవాడు. కోయడమే చిక్కు. రేడియం పై పొర తెగాలి, కింది తెల్లకాగితం తెగకూడదు, అంచేత బ్లేడు మీద వేలు సమంగా అదమాలి. కొత్త బ్లేడుతో మూడు నాలుగు అక్షరాలు బాగానే కోసేవాడు. అంతలో అది మొద్దుబారేది, గట్టిగా అదమాల్సి వచ్చేది, వేలు వణికేది, "అమ్మీ, ఇలా రాయే" అని కేకేసేవాడు.

అలా బడి సంచీ మేకుకి తగిలించి నేను బల్ల ముందు కూర్చునేదాన్ని. ఎండాకాలం రేకుల కింద చెమట బొట్లు రేడియం మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని, జీడిమామిడి పళ్లు పిండి తిన్న వేళ్లకు జీడి వగరు ఇంకా అంటుకుని ఉండగా, వానాకాలం కప్పు కారే చోట సత్తు గిన్నె పెట్టి, ఆ టపటపల మధ్య, బస్సుల పేర్లు కోసేదాన్ని. రెండేళ్లకోసారి అమ్మవారికి చేసే ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడు ఒంటికి పసుపూ నలుపూ చారలు పూసుకున్న పులివేషాలు డప్పులతో మా కొట్టు ముందు నుంచే పోయేవి. మా వీధి పిల్లలంతా వాటి వెనక పరిగెత్తేవాళ్లు. నేను తలెత్తితే గీత వంకరపోతుంది. అందుకని ఆ పులుల్ని నేను కాళ్ల వరకే చూశాను.

ఆరో తరగతి అయ్యాక భంజనగర్‌లో హాస్టలు ఉన్న బడిలో నాకు సీటొచ్చింది. ఉత్తరం నాన్న నాచేతే రెండుసార్లు చదివించుకున్నాడు.

"మొద్దవ్వని బ్లేడు దొరికితే నానే కోసుకుంతాను. నువ్వు ఎల్లిపోవచ్చు" అన్నాడు.

ఎగతాళికి అనలేదు. బడి తెరవడానికి నెలరోజులుంది. ఆ నెలంతా నాకు వేరే ధ్యాస లేదు. దొరికితే భంజనగర్, లేకపోతే ఈ గూడు.

ముందు మా మామ్మని అడిగాను. మామ్మ అంటే నాన్నని కన్నతల్లి, నోట్లో చుట్ట వెలిగించిన వైపు లోపలికి పెట్టుకుని మాట్లాడేది. "ఏటే గుంటా, ఇనప ముక్కకి ఇంత ఏడుపా? గేలాలన్నీ మనం కొబ్బరినూనెలో ముంచి ఉంచుతాం కాదేటి? ఉప్పుగాలి దగ్గిరకే రాదు సూడు" అంది. నిజమే, బరంపురం గాలిలో కూడా ఉప్పుంది, బ్లేళ్లు వారానికే తుప్పుపడతాయి. చిప్పలో నూనె పోసి బ్లేళ్లన్నీ ముంచాను. ఎంత సుళువుగా తెగాయో అక్షరాలు! వెన్నలో వేలు పెట్టినట్టు. ఒక బస్సు పేరంతా కోసి అంటించాం. మొదటి వానకే ఆ బస్సు తిరిగొచ్చింది, ఒక్కో అక్షరం అంచు లేచి ఎండుచేప తోకలా వేలాడుతోంది. నూనె అంచుల కిందికి దిగి జిగురుని చంపేసింది. గేలాన్ని ఎవరూ దేనికీ అంటించరన్న సంగతి మామ్మకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. డ్రైవరు అందరికీ చెప్పి నవ్వాడు.

తర్వాత ఇనుము కోసే హాక్సా బ్లేడు ముక్కని సాన పట్టించాను. అది గుమ్మడికాయకి పనికొచ్చేదే. చివరికి మందుల షాపులో ఆపరేషన్ బ్లేడు కనిపించింది. మొన సూదిలా ఉంది. నాన్న దాన్ని వెదురు పుల్లకు వలదారంతో, వల అల్లే ముడితోనే బిగించాడు. మొదటిరోజు అద్భుతం. రెండోరోజుకి అదీ గోటి మీద జారింది. బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఏడుస్తుంటే చెంప కింద గరుకుగా తగిలింది. మా బల్ల మీద అద్దం ఉండేది, నాన్న ఎక్కడినుంచో తెచ్చి పరిచిన దళసరి అద్దం, కొట్టుకదే అందం. దాని నిండా సన్నటి గీతలు. మలుపు తిరిగే చోట మొన కిందికి దిగి గాజుని గీకుతోంది. తప్పు బ్లేడుది కాదు, అద్దానిది. పాత బస్సులోంచి పీకేసిన దళసరి రబ్బరు చాప ముక్క ఒకటి అడిగి తెచ్చి, అద్దం తీసేసి పరిచాను. అదే రకం బ్లేడు వారమంతా ఆగింది. నేను వారమంతా ఎగిరాను.

అంతలో రొజొ పండగ వచ్చింది. ఆ మూడు రోజులూ భూమాతకు విశ్రాంతి, ఆడపిల్లకూ విశ్రాంతి. కత్తిపీట ముట్టకూడదు, ఏదీ కోయకూడదు. తెలుగువాళ్లమైనా మాకూ ఆ పట్టింపు వచ్చేసింది, పక్కింటి ఒడియా పిన్ని, మా మావుసీ, ఊరుకునేది కాదు మరి. మా కొట్టుకి వచ్చి, పిల్ల చేతిలో బ్లేడు కనిపిస్తే నీ బల్ల నీ నెత్తినే పడేస్తానని నాన్నని బెదిరించి వెళ్లింది. నేను కాళ్లకి పారాణి పెట్టుకుని, ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన బెల్లం కొబ్బరి పొడొపిఠా రొట్టె మాడిన అంచులు ముందుగా తింటూ, వాళ్ల వేపచెట్టు ఉయ్యాల ఊగాను. మూడోరోజు సాయంత్రం ఉండబట్టలేక కొట్టుకి పరిగెత్తాను. మూడు బస్సుల పేర్లు దండెం మీద వేలాడుతున్నాయి. అంచుల్లో ఒక్క చింపు లేదు.

"సూసినావా? నానే కోసినాను, అన్నీ!" అన్నాడు నాన్న, చిన్నపిల్లాడిలా.

ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, నాన్నని వెంటబెట్టుకుని బస్సెక్కుదామని కొట్టుకి వెళ్లాను. బల్ల మీద అద్దం ఉంది. రబ్బరు చాప చుట్టి స్టూలు వెనక నిలబెట్టి ఉంది. అద్దం మీద కొత్త గీతలు, తెల్లగా, పొడి రాలుతూ.

"సూడమ్మీ, ఇది కూడా మొద్దయిపోనాది" అని నాన్న బ్లేడు అందించాడు. నా మొహంలోకి చూడలేదు.

గోటి మీద పెట్టాను. జారింది. అద్దం ఎందుకు వేశావని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆయన అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పాలి. రెండూ వినలేననిపించింది. జడ తడి వీపుకి అంటుకుని చల్లగా ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పుడు ఆయన మీద పుట్టిన అసహ్యం, దాని పక్కనే పుట్టిన జాలి, రెండూ ఈనాటికీ విడదీయలేకపోయాను.

ఆ తర్వాత ఈ ఊళ్లోనే చదివినంత చదివాను, ఈ ఊరివాణ్ణే చేసుకున్నాను, ఈ కొట్లోనే ఉన్నాను. చేత్తో అక్షరం కోసేవాళ్లు ఇప్పుడు బస్‌స్టాండులో ఒక్కరూ లేరు. మామ్మ లేదు, మావుసీ లేదు, వేపచెట్టున్న చోట మేడ లేచింది. రొజొ నాడు కూడా నా మిషను ఆగదు. భంజనగర్ బస్సుల అద్దాల మీద ఆ ఊరి పేరు నేను ఎన్ని వందలసార్లు అంటించానో. ఆ ఊరు మాత్రం చూడలేదు.

నాన్నకి ఇప్పుడు చూపు మందగించింది. కిందటి నెల అన్నం తింటూ, ఉన్నట్టుండి అన్నాడు:

"ఆ దినం అద్దం నానే ఏసినాను అమ్మీ. నువ్వు నేకుండా ఆ కొట్లో ఒక్కన్నీ కూకోడానికి బయమేసింది."

"తెలుసు నాన్నా."

మెతుకులు కెలుకుతూ మళ్లీ అన్నాడు, "ఇప్పుడైనా ఓపాలి భంజనగర్ ఎల్లి రాయే."

"ఎల్లి? ఏ కలాసులో కూకోమంతావు?" అన్నాను.

నాన్న పొరబోయేంత నవ్వాడు. నేను నవ్వులాటకి అనలేదు.