రమణక్క చేసిన గోరంత భోజనాలు

రమణక్క లేదు.

నిన్న పొద్దున ఫోన్ వచ్చేసరికి గిద్దలూరు బస్టాండ్‌లో ఉన్నాను. కొత్త రాష్ట్రంలో మన కరువు మండలాల వాటా ఏదని కరపత్రాలు పంచుతున్నాను. "అక్క పోయిందిరా" అని పెద్దమ్మ ఏడుస్తుంటే, "ఏ ఊరికి?" అని అడిగాను.

అంత మొద్దుగా అడిగాను.

వంట దించి, బొమ్మల పని ముందు కూర్చుందట. గుండెలో నొప్పి అన్నదట. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

తెలియనివాళ్లకి చెప్తున్నాను. రమణక్క మా పెద్దమ్మ కూతురు. మార్కాపురంలో వాళ్లమ్మతో ఉండేది. పాలిమర్ క్లే అనే రంగుల ముద్దని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, బొమ్మరిళ్లలో పెట్టే బుల్లి భోజనాలు చేసేది.

ఇడ్లీకి గరుకు రావాలంటే పాత టూత్‌బ్రష్‌తో అద్దేది. జొన్నరొట్టె మీద మాడిన మచ్చలకి గోధుమరంగు చాక్ పొడి పూసేది. సూదిమొనతో మిరపకాయకి తొడిమ పెట్టేది. చిన్న ఓవెన్‌లో కాల్చి, పలకల ఫ్యాక్టరీవాళ్లు పారేసిన రాతి ముక్క మీద అతికించేది.

ఒకసారి ఫోటో తీద్దామని అరుగు మీద పెడితే, పక్కింటి కోడి వచ్చి గారె ఎత్తుకుపోయింది. నేను వెంటబడ్డాను. అక్క పడీ పడీ నవ్వింది.

"పోనీలేరా! నా చేతిది వంక చెప్పకుండా తినింది అదొక్కటే."

నేనూ నవ్వాను. ఆ మాట నాకూ తగలాలని అప్పుడు తోచలేదు.

అక్క చేతులకి బొల్లి. వేళ్లన్నీ తెల్లబడ్డాయి.

ఆ వేళ్లు చేసిన బొమ్మ అన్నం మన షోకేసుల్లో ఉంది. ఆ వేళ్లు వండిన అన్నం మనలో ఎవరు తిన్నాం?

అర్ధవీడులో మన బంధువుల పెళ్లి గుర్తుందా? రిటర్న్ గిఫ్టులన్నీ అక్క చేసినవే. గోరంత విస్తరాకులో పప్పు, వంకాయ కూర, బూరె. "కొరుక్కు తినాలనిపిస్తాందే!" అని ఆడవాళ్లంతా మురిసిపోయారు. అదే అక్క వంటల దగ్గర కత్తిపీట ముందు కూర్చోబోతే, "నీకెందుకమ్మా శ్రమ, లేసి రెస్ట్ తీసుకో" అన్నారు.

నేను ఊరుకోలేదు. బొల్లి అంటుకోదని, ఇది సైన్స్ అని, పుస్తకాల్లో చదివిందంతా అరిచాను. పెళ్లివాళ్లతో గొడవైంది.

అక్క నన్ను పక్కకి లాక్కుపోయింది.

"ఉపన్యాసం బాగానే ఉంది గానీ, మా ఇంట్లో ఒక్క పూట తిని సూపియ్యిరా. అది సాలు."

"వస్తాలే అక్కా" అన్నాను.

ఎప్పుడు పోయినా "ఇప్పుడే తినొచ్చినాక్కా" అన్నాను.

నిన్న మధ్యాహ్నం, అక్క ఇంకా వసారాలోనే ఉంది. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గిన్నె చేతిలో పెట్టింది. అన్నం, ఉలవచారు.

"పొద్దున అదే వండింది నాయనా. ఆఖరి కూడు. నువ్వన్నా ఒక్క ముద్ద తిను."

నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో మా మేనత్త వచ్చి గిన్నె లాక్కుంది. "సావింట్లో కూడు ఎట్ల తింటాడు వదినా? మైల గదా, పారబొయ్యాల."

సావింట్లో వండిన అన్నం పారబోసే ఆచారం మీద ఇదే పేజీలో ఎంత పెద్ద పోస్ట్ పెట్టానో మీకు తెలుసు. లైకులు కొట్టారు కూడా.

నిన్న నోరు తెరవలేదు.

అత్త ఆ అన్నం వీధి కాలువలో పోస్తుంటే, నాకు లోపల హమ్మయ్య అనిపించింది.

అవును. హమ్మయ్య.

బొల్లి అంటుకోదని నాకు తెలుసు. ఆ గిన్నె పట్టుకున్నప్పుడు కూడా తెలుసు. అయినా ఒక మూఢాచారం వచ్చి నన్ను కాపాడితే, దాని వెనక దాక్కున్నాను.

పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. ఖాళీ గిన్నె తీసుకుని తానే కడుక్కుంది.

కామెంట్లలో గ్రేట్ ఆర్టిస్ట్ అని రాస్తున్నారు. రాయండి. నన్ను మాత్రం మంచి తమ్ముడు అనకండి.

పోయిరా అక్కా. క్షమించమని అడగను, ఆ ముఖం లేదు. ఆత్మలు లేవని వాదించేవాణ్ని. ఉంటే మాత్రం, నీది చల్లగా ఉండాల.