మిరుగం నాడు ఒక్కదాన్నే

ఇస్నాపూర్‌లో నా కిరాయి గది ముందు నిన్న రోడ్డుకు తారు పోశారు. ఆ వాసన తగలగానే చేతిలో చీపురు వదిలేసి బయటికొచ్చి నిలబడ్డాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు, కానీ నిన్న బయటికి లాగింది మాత్రం ఆ వాసనే. ఎండాకాలం చివర్లో మా నాన్న యూరియా సంచులు కలిపి కుట్టి, వెదురు బద్దలతో అల్లిన పుట్టికి తొడిగి, పైన వేడి తారు పూసేవాడు. గుండ్రని గంపలాంటి ఆ పడవ ఆరేదాకా మా వాకిలంతా అదే వాసన; జొన్నరొట్టెలోనూ అదే, చింతచిగురు వేసి వండిన ఎండుచేపల్లోనూ అదే.

మాది ఇంద్రేశం దగ్గర చెరువులో చేపలు పట్టే ఇల్లు. పుట్టిలో ఇద్దరుంటే ఒకరిది తెడ్డు, ఒకరిది వల. ఆ రెండో మనిషిని నేనే, పన్నెండేళ్ళదాన్ని. ఎప్పుడు ఒక్కదాన్నే పోతానా అని నా కాళ్ళు ఊరుకునేవి కావు.

"పక్కకు తెడ్డెయ్యకే, గిరగిర తిరుగుతది. ముందటికెల్లి గుంజు," అనేవాడు నాన్న. "ఒక్కదానివే ఉంటే ఒక్క పనే చెయ్యాలె. వల గుంజేటప్పుడు తెడ్డు తొడ కింద వెట్టుకో. వల తాడు ఒంటికి కట్టుకోకు. గాలి లేస్తే కొట్లాడకు, ఏ ఒడ్డుకు తోలితే ఆ ఒడ్డుకు పో, నడిసి రా."

"ఆడపిల్లకు తెడ్డెందుకయ్యా, అత్తోళ్ళింట్ల చెరువుంటదా ఏంది?" అని అమ్మ పొయ్యి దగ్గర నుంచే అరిచేది.

"లేకుంటే నీళ్ళ గోలెంల తిప్పుకుంటది తియ్."

ఆ ఏడు మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చే ముందురోజు వల వేసి వచ్చాక నాన్నకు చలిజ్వరం పట్టింది. మిరుగం నాడు మా వైపు ప్రతి ఇంట్లో చేప ఉడకాలి; తెల్లారి తియ్యకపోతే పడిన చేపంతా పాడవుతుంది, మాకున్న వల అదొక్కటే. అమ్మ డాక్టరును పిలుచుకురావడానికి పోగానే నేను పుట్టిని నీళ్ళలోకి నెట్టాను.

నడిమధ్య కూర్చుని ముందు నుంచి గుంజితే పుట్టి బుద్ధిగా పోయింది. వల దొరికాక మాత్రం రెండు చేతులూ ఖాళీగా కావాలనిపించి, తాడును నడుముకు చుట్టి ముడేశాను. అప్పుడే పడమటి గాలి లేచింది. పుట్టి ఒకవైపు పోతోంది, వల నీళ్ళలోని తుమ్మ మొద్దుకు చిక్కుకొని రానంటోంది. నడుము కోసుకుపోతోంది, అంచు మీంచి నీళ్ళు లోపలికొస్తున్నాయి, తడిసిన ముడి ఊడదు. పుట్టిలో ఉన్న కొడవలితో తాడు కోసేశాను. వల మునిగిపోయింది. గాలి నన్ను అవతలి ఒడ్డుకు తోలింది. పుట్టిని అక్కడే బోర్లించి, కట్ట మీదుగా ఏడ్చుకుంటూ నడిచి వచ్చాను.

నాన్న గొంగడి కప్పుకొని కట్ట మీదే ఉన్నాడు. నా నడుము మీద ఎర్రగా కమిలిన చార చూశాడు.

"కట్టుకున్నవా?"

"కట్టుకున్న."

"మంచిగ కోసినవ్." కాసేపు వణికాడు. "వల యాడ మునిగిందో నీకే ఎరుక. గాలి తగ్గినంక పోయి తీస్కరా. ఒక్కదానివే."

పొద్దెక్కి గాలి తగ్గాక అవతలి ఒడ్డుకు నడిచి, పుట్టి ఎక్కి పోయాను. వల సగం చినిగి, బతికున్న కొద్ది చేపలతో వచ్చింది. నేను తిరిగొచ్చేదాకా నాన్న ఆ జ్వరంతోనే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఇటు తిప్పమనలేదు, అటు తిప్పమనలేదు.

ఇప్పుడు మిరుగానికి ఎక్కడి చేపలో ఐసు పెట్టెల్లో వస్తాయి. మా చెరువు సగం నల్లటి నీళ్ళు, సగం ప్లాట్లు. ఆ తుమ్మ మొద్దు ఉన్నచోట ఎవరిదో ప్రహరీ గోడ లేచింది. మొన్న దాని వెంట అటూ ఇటూ తిరుగుతుంటే కాపలామనిషి వచ్చాడు.

"ఏం పోయిందవ్వా, గింతసేపటి సంది ఎతుకుతున్నవ్?"

"ఈడ నిలువెత్తు నీళ్ళుండె బిడ్డా," అన్నాను.

అతను తన చెప్పుల కింది మట్టిని చూసుకున్నాడు.