మా నాన్నకు పెట్టిన మా అమ్మ పేరు

మా అమ్మ పేరు ఇక్కడ రాయను. దాచుకోవలసినంత పేరేమీ కాదు. ఏదో ఒక అమ్మవారి పేరు, చివర అమ్మ అని ఉంటుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా తెలుగువాళ్ళ లైనులో, ఆ పేరున్నవాళ్ళు ఇంకో ఇద్దరైనా ఉండి ఉంటారు. ఉండి ఉంటారని ఎందుకంటున్నానంటే, పెళ్ళైన ఆడవాళ్ళ పేర్లు అక్కడ ఎవరికీ తెలిసేవి కావు. మగవాళ్ళను డ్యూటీతో పిలిచేవారు, ఆడవాళ్ళను ఆ డ్యూటీకి తగిలించి పిలిచేవారు. డ్రైవరుగారు, డ్రైవరుగారి ఆవిడ. పిల్లలు పుట్టాక ఫలానా గుంట వాళ్ళమ్మ. మా అమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు కాబట్టి కొంత నయం, ఆమెను సిస్టర్ అనేవారు. నాన్న మాత్రం ఇదిగో అనేవాడు. అమ్మ కూడా ఆయన్ను ఇదిగో అనేది. ఇద్దరూ ఒకే పేరుతో హాయిగా కాపురం చేశారు.

అలాంటి అమ్మ పేరు మా వీధిలో రోజూ గట్టిగా వినపడేది. పిలిచింది ఆమెను కాదు, మా నాన్నను. ఆ పేరు చాలామంది వాడారు, వాడి శుభ్రం చేసి తిరిగి ఇవ్వలేదు. అందుకని ఈ రాతలో దాన్ని ఫలానమ్మ అంటాను.

నాన్న షెడ్డులో ఫిట్టర్. ఇద్దరికీ షిఫ్టు డ్యూటీలే. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు వండాలి, ఎవరుంటే వాళ్ళు ఉతకాలి. ఇది ఏదో ఆదర్శం అని వాళ్ళకు తెలియదు. పెళ్ళైన కొత్తల్లో డ్యూటీ చార్టులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇంకో దారి కనపడలేదు, అంతే. అయితే ఉతకడంలో నాన్న చెయ్యి అమ్మ చెయ్యికన్నా మంచిది. అమ్మ తెల్ల యూనిఫాం చీరలకు గంజి ఎంత పెట్టాలో, ఏ ఎండకు ఎంతసేపు ఉంచాలో ఆయనకు ఇంజను బోల్టులంత బాగా తెలుసు.

ఆ చీరలను పెరట్లో ఆరేసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. మా క్వార్టర్ పెరడు యార్డు వైపు ఉండేది. బొగ్గు వ్యాగన్లు వెళ్ళినప్పుడల్లా ఇటు ధూళి లేచేది. రంగు బట్టలు దాన్ని దాచుకుంటాయి, తెల్ల చీరకు ఆ తెలివి లేదు. కాబట్టి నాన్న వాటిని ఇంటి ముందు, లైనంతా చూసేలా, తీగ మీద ఆరేసేవాడు. బనీనుతో, లుంగీ ఎగ్గట్టి, నోట్లో రెండు క్లిప్పులు పెట్టుకుని.

ఎదురు క్వార్టర్‌లో ఒక గార్డుగారు ఉండేవారు. నాన్నా ఆయనా బావా అంటే బావా అనుకునేవారు. పేరు పెట్టింది ఆయనే.

"ఏటే ఫలానమ్మా, సీరలకి గంజెట్టీసినావేటి?"

నాన్న నోట్లోంచి క్లిప్పులు తీసి నింపాదిగా చెప్పేవాడు. "ఎట్టీసినాను బావా. మీ ఆవిడవి కూడా పంపీ. ఒక బకెట్టే కదా."

లైనంతా నవ్వేది, నాన్న కూడా. ఆయనకు అది తిట్టులా తగిలినట్టు ఎప్పుడూ కనపడలేదు. పిలిస్తే పలికేవాడు.

కానీ అది అక్కడితో ఆగలేదు. టీ తానే పెట్టుకున్న క్లర్కు ఫలానమ్మ అయ్యాడు. జ్వరమని సిక్కు లీవు పెట్టిన డ్రైవరు ఫలానమ్మ. భార్య పుట్టింటికి వెళ్తే స్టేషన్లో కళ్ళు తుడుచుకున్న కుర్రాడు ఫలానమ్మకు చెల్లెలు. గ్రౌండులో క్యాచ్ వదిలేసినవాడికి "అబే ఫలానమ్మా, చూడీ పహన్ లే" అని వినపడేది, గాజులు తొడుక్కోమని. హిందీ పిల్లలు దాన్ని తెలుగులో పిరికివాడు అనే మాట అనుకున్నారు. పక్కనున్న తిఫ్రా నుంచి ఆడటానికి వచ్చే కుర్రాడొకడు దాని అర్థం ఏమిటని నన్నే అడిగాడు. నర్సు అని చెప్పాను. అచ్ఛా అని తలూపి వెళ్ళిపోయాడు.

మా అమ్మ ముందు మాత్రం ఎవరూ ఆ మాట అనేవారు కాదు. లైనులోని మగాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతి సూది పడింది. సూది కోసం బోర్లా పడుకుని లేచిన మనిషికి వినయం కొంతకాలం నిలుస్తుంది. నాన్న కూడా ఆమెకు చెప్పలేదు. కాలనీలో తన పేరు ఏం పని చేస్తోందో అమ్మకు తెలియకుండానే ఏళ్ళు గడిచాయి.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో నన్ను అందరూ జోకరనేవారు. ఏ అమ్మాయి ఏడుస్తున్నా నా దగ్గరకు పంపేవారు. ఇంటికొస్తే మాత్రం నాకు ఏ హాస్యమూ తోచేది కాదు. స్నేహితురాళ్ళతో వస్తున్నప్పుడు మలుపు దగ్గరే తల ఎత్తి తీగ చూసేదాన్ని. చీరలుంటే ఏదో మర్చిపోయానని చెప్పి వాళ్ళను వేరే దారిన తిప్పేదాన్ని. గార్డుగారి మీద నాకు కోపం రాలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను. కోపమంతా నాన్న మీద వచ్చేది, ఆ క్లిప్పుల మీద వచ్చేది. మగాడు ఆడదానిలా ఉండటం తక్కువతనమని గార్డుగారు అనుకున్నారు సరే. ఆడదాన్నైన నేనూ అలాగే అనుకున్నాను, అదీ బీఏలో ఫస్టు క్లాసు తెచ్చుకుంటూ.

ఆ రోజుల్లో అమ్మకు కలకత్తా పిలుపు వచ్చింది. ఆపరేషన్ థియేటరు పనిలో నాలుగు నెలల ట్రైనింగు. అది అయితే వార్డు నుంచి థియేటరుకు మారుస్తారు. అమ్మ ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదొక్కటే. డాక్టరు చెయ్యి చాచకముందే ఏ కత్తి అందించాలో తెలిసిన నర్సుల గురించి అన్నం తింటూ మాకు చెప్పేది. మేము తినడం ఆపి వినేవాళ్ళం, కొంత ఆసక్తితో, కొంత తినలేక.

"నాలుగు నెలలంటన్నారు," అంది ఆ సాయంత్రం. "ఎలా ఎల్లను?"

"బండెక్కి ఎల్లు," అన్నాడు నాన్న.

"ఇల్లో?"

"ఇంట్లో ఏటుంది? రెండు గిన్నెలు, ఒక బకెట్టు. ఇన్నాళ్ళూ సేస్తన్నదే కదేటి."

అమ్మ నా వైపు చూసింది. "నువ్వేటంటావు?"

వెళ్ళమన్నాను. నిజంగానే అన్నాను. ఆమె వెళ్తే తెల్ల చీరలు కూడా వెళ్ళిపోతాయన్న లెక్క అప్పటికే నా మనసులో పూర్తయింది.

లెక్క తప్పింది. అమ్మను హౌరా బండి ఎక్కించి వచ్చిన మర్నాడే నాన్న నా బట్టలు ఉతికి ముందు తీగ మీద ఆరేశాడు. పంజాబీ డ్రెస్సులు, చున్నీలు, ఒక లంగా. గార్డుగారు అరుగు మీద నుంచి చూసి లోపలికి కేకేశారు. "ఒలే, సిస్టరు కలకత్తా ఎల్లిపోనాది గానీ ఫలానమ్మ ఇక్కడే ఉందే."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. అందులో ఒకావిడ నాకు వినపడేలా అంది. "మరేటమ్మా, ఎదిగిన పిల్ల ఇంట్లో ఉండగా ఆ మానవుడి సేత లంగాలు ఉతికించుకుంటన్నారు."

నేను లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, నాన్న చేతిలోని బకెట్టు పట్టుకున్నాను.

"ఇటియ్యి నాన్నా."

"ఏల? నువ్వు పరీచ్చలకి సదువుకో."

"చదువుతాను. ముందు ఇటియ్యి."

"ఎవులైనా ఏటైనా అన్నారేటి?"

"ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు ఉతికితే నా బట్టల రంగులు పోతున్నాయి."

ఆయన ఉతికిన గుడ్డ రంగు పోవడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. ఆయనకు అది తెలుసు, నాకు తెలుసని కూడా తెలుసు. కాసేపు తడి చేతులు చూసుకున్నాడు. "సరే అమ్మా," అని లుంగీకి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. మీరు మనిషిని కొట్టాలనుకుంటే ఇంతకన్నా శబ్దం లేని పద్ధతి నాకు తెలియదు.

తర్వాత వంట తీసుకున్నాను, తర్వాత గిన్నెలు. మొదటి వారం నాన్న ఇంట్లో దారి తప్పినవాడిలా తిరిగాడు. స్టవ్వు దాకా వచ్చి, నన్ను చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. ఒక సాయంత్రం గార్డుగారు తమ ఇంటి నుంచి కుర్చీ తెచ్చి మా గుమ్మం ముందు వేశారు. "రా బావా. ఇప్పుడు మనిషివయినావు." ఇద్దరూ కూర్చుని ప్రమోషన్ల గురించి, తఖత్‌పూర్ వైపు దొరికే స్థలాల గురించి మాట్లాడుకున్నారు.

"అమ్మీ, రెండు టీలు," అన్నాడు నాన్న.

మొదటిసారి అది హాస్యంగా అన్నాడు. నేనూ నవ్వి తెచ్చాను. రెండోసారి ఇద్దరం నవ్వలేదు.

మగతనం మందులా పని చేస్తుందని వినలేదు గానీ, నాన్నకు అది బాగానే ఒంటబట్టింది. కూరలో ఉప్పు తక్కువైందని గిన్నె జరిపేవాడు. అన్నేళ్ళు వండిన మనిషికి ఉప్పు డబ్బా ఎక్కడుందో గుర్తులేకుండా పోయింది. చొక్కా కాలరు మురికి వదల్లేదని ఒకసారి నాకు చూపించాడు. వీధిలో ఇక ఆయన్ను ఫలానమ్మ అనేవాళ్ళు లేరు. నేను కాలేజీ స్నేహితురాళ్ళను మామూలు దారిన ఇంటికి తీసుకొచ్చాను. వాళ్ళు నాన్నకు నమస్కారం పెట్టారు. ఆయన పేపరు దించి తలూపాడు. నాకు ఎంత గర్వమేసిందో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. కాలనీ అంతా కలిసి ఇన్నేళ్ళూ చేయలేని పనిని నేను ఒక్కదాన్ని, అమ్మ తిరిగొచ్చేలోగా చేసేశాను.

అమ్మ తిరిగి వచ్చింది. సన్నబడింది గానీ నడకలో ఒక కొత్త వేగం ఉంది. ట్రైనింగులో మంచి మార్కులు వచ్చాయట, వచ్చే నెల నుంచి థియేటరు డ్యూటీ అట. రైలు దుమ్ముతోనే అన్నీ చెబుతూ మంచం మీద కూర్చుంది. నాన్న కుర్చీలో ఉన్నాడు.

"ఇదిగో," అన్నాడు, "టీ ఎట్టీ. దాని సేతి టీ తాగలేకపోతన్నాను."

అమ్మ నవ్వబోయి ఆయన ముఖం చూసింది. లేచి వంటింట్లోకి వచ్చింది. స్టవ్వు వెలిగిస్తూ, వెనక్కి తిరగకుండానే నన్ను అడిగింది.

"మీ నాన్నకి ఒంట్లో బావులేదేటి?"

"బాగానే ఉన్నాడు. పనులు నేనే చేస్తున్నాను."

"ఏల?"

అప్పుడు చెప్పాను. తీగ, గార్డుగారు, పేరు, గ్రౌండులో పిల్లలు, కుళాయి దగ్గరి మాట, అన్నీ. కొంత నవ్వించేలా చెప్పాలని చూశాను. అది నా అలవాటు. అమ్మ నవ్వలేదు. పాలు పొంగబోతే మంట తగ్గించింది.

"నా పేరా?" అంది.

"అవును."

"నన్నెవులూ ఆ పేరుతో పిలవరే."

నేను గ్లాసులు తీసి ఆమె ముందు పెట్టాను.

"మరి మీ నాన్నేటనీవోడు?"

"పలికేవాడు."

చాలాసేపు టీ వడపోసింది. "ఆ పేరెట్టి పిలిస్తే సిగ్గుపడకుండా పలికినోడు ఒక్కడే ఉన్నాడు," అంది. "ఆడి సేత మానిపించినావు."

థియేటరు డ్యూటీ మొదలైంది. కేసు ఎప్పుడొస్తే అప్పుడు ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి తలుపు కొట్టేవాడు. అమ్మ వెళ్ళేది, గంటల తరబడి నిలబడేది, తిరిగొచ్చి బకెట్టు తీసుకునేది. నేనున్నన్నాళ్ళు సగం పని నేను చేశాను. తర్వాత నాకు రాయ్‌పూర్‌లో బీఎడ్ సీటు వచ్చింది. ఒకరోజు అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చునే నిద్రపోయింది. ఒళ్ళో కాయలు ఒక్కొక్కటే జారి నేల మీద పడుతున్నాయి. నేను బయటికి వెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను.

"నాన్నా, నేను వెళ్ళిపోయాక మళ్ళీ నువ్వు ఉతుకుతావా? వంట కూడా. ముందు చేసినట్టే."

ఆయన కోపగించుకోలేదు. నిజంగా ఇబ్బందిపడి, వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇప్పుడెలాగమ్మా? నలుగురూ ఏటనుకుంటారు?"

ఆ మాట ఆయన నోట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు బాగా తెలుసు. కొన్నాళ్ళు బతిమాలాను, పోట్లాడాను, ఒక పూట అన్నం మానేశాను. రెండుసార్లు బకెట్టు తీశాడు కూడా, పెరట్లో, తలుపు వేసుకుని. బొగ్గు ధూళి పడి చీరలు బూడిద రంగుకు తిరిగాయి. అమ్మ వాటిని మళ్ళీ ఉతుక్కుంది. అంతటితో అది కూడా అయిపోయింది.

బీఎడ్ మానేస్తానన్నాను. ఆ మాట వినగానే అమ్మ చేస్తున్న పని ఆపింది.

"మానీకు. ఇంట్లో ఒకలు మానితే సాలు."

థియేటరు నుంచి ఓపీకి మార్చమని ఆమే వెళ్ళి మేట్రన్‌ను అడిగింది. ఓపీలో పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. చీటీలు చూసి కట్లు కట్టడం, సూదులు వేయడం. కలకత్తాలో నేర్చుకున్న దాంతో అక్కడ ఏ పనీ లేదు. మేట్రన్ కాగితం మీద రాసివ్వమందట. అమ్మ తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇంగ్లీషులో రాసీ. నీది బావుంటాది."

రాయ్‌పూర్‌కు సర్దిన పెట్టె మీదే కాగితం పెట్టుకుని రాశాను. వినయంగా, తప్పుల్లేకుండా రాశాను. అలాంటివి నాకు బాగా వచ్చు. సగంలో ఆగి, కారణం ఏమని రాయమంటావని అడిగాను.

"ఏటని రాస్తారు అందరూ?"

"డొమెస్టిక్ రీజన్స్ అని రాస్తారు. ఇంటి కారణాల వల్ల అని."

"అదే రాయి," అంది అమ్మ. "ఎవులి వల్లో అడగరు కదా?"

అడగరన్నాను.