తేదీ లేని ఉత్తరం

మా బావంత పిరికివాణ్ణి నా జన్మలో ఇంకొక్కణ్ణే చూశాను. ఆ ఒక్కడూ రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనపడతాడు.

బావ మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో ఇరవై రెండేళ్ళు కాంపౌండరుగా చేశాడు. ముప్పై మంచాల ఆసుపత్రి. మందుల గది కిటికీ వెనక నిలబడి, ఎవరికి ఏ మాత్ర ఎన్నిపూటలో పొట్లం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చేవాడు. చదువురాని వాళ్ళకయితే సూర్యుడి బొమ్మా చంద్రుడి బొమ్మా వేసిచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. డాక్టరు కసిరితే తప్పు ఎవరిదైనా ముందు తనే క్షమాపణ చెప్పేవాడు. ఇంటికొచ్చాక కూడా మందుల బీరువాకి తాళం వేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసొచ్చేవాడు. మా అక్క దానికి నవ్వీ నవ్వీ అలిసిపోయి, చివరికి తాళంచెవి తన కొంగున కట్టుకోవడం మొదలుపెట్టింది.

అలాంటివాడు శాసనసభ్యుడెలా అయ్యాడని అందరూ అడుగుతారు. ఆ ఏడు పార్టీలో రెండు వర్గాలు కొట్టుకు చస్తున్నాయి. ఏ వర్గానికీ చెందని, ఎవరితోనూ పేచీ లేని మనిషి కావలసి వచ్చాడు. ఊళ్ళో సగం మంది బావ చేతి మందు మింగినవాళ్ళే. పార్టీ నాయకుణ్ణి అందరూ పెద్దాయన అనేవారు. ఆయనే స్వయంగా మందుల కిటికీ దగ్గరకొచ్చి "నువ్వు నిలబడాలి" అన్నాడు. వద్దని చెప్పడానికి భయపడి బావ ఒప్పుకున్నాడు.

నామినేషనుకి ముందు రోజు పార్టీ ఆఫీసుకి రమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. లోపలి గదిలో పొడుగాటి బల్ల, గోడవారగా ఇనప బీరువా. ఆఫీసు మేనేజరు తెల్లకాగితం ముందు పెట్టి "రాయండి" అన్నాడు. సొంత కారణాల వల్ల శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నానని సొంత దస్తూరీతో రాయాలి. సంతకం పెట్టాలి. తేదీ దగ్గర మాత్రం ఖాళీ వదలాలి. ఇంకా గెలవని పదవికి రాజీనామా! అక్కడ అది మామూలే. టిక్కెట్టు తీసుకున్న ప్రతివాడూ రాసిచ్చినవాడే. ఎవడైనా ఎదురు తిరిగితే ఆ ఖాళీలో తేదీ పడుతుంది, అంతే. బావ చెయ్యి వణికి రెండు కాగితాలు పాడుచేశాడు. మూడోది బీరువాలోకి వెళ్ళింది.

ఆ బీరువా తలుపు చప్పుడు పదకొండేళ్ళు ఆయన చెవుల్లోనే ఉండిపోయింది. మూడుసార్లు గెలిచాడు. సభలో చివరి వరసలో కూర్చునేవాడు. పక్కవాడు చెయ్యెత్తితే తనూ ఎత్తేవాడు, దించితే దించేవాడు. ఒక్కరోజు నోరు విప్పలేదు. పెద్దాయన కోపంగా మాట్లాడితే ఆ రాత్రి కాస్తయినా నిద్రపోయేవాడు. ఆప్యాయంగా "ఏమయ్యా, బాగున్నావా" అన్నాడంటే మాత్రం గుండెలు జారిపోయేవి. "ఎందుకలా అడిగాడంటావ్?" అని నన్ను పొద్దుపోయేదాకా వేధించేవాడు.

నేను ఆయన దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. పింఛనుకో, రోడ్డుకో, బడిలో సీటుకో పొద్దున్నే గుమ్మం ముందు జనం. అందరికీ సిఫార్సు ఉత్తరాలు రాయాలి. రాన్రానూ బావ చేతికి వణుకు ఎక్కువై, ఆయన దస్తూరీలో ఉత్తరాలు నేనే రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి సంతకాలు కూడా నావే. "నాకంటే నువ్వే నాలాగా రాస్తున్నావురా" అని బావ మురిసిపోయేవాడు. అది నేరమని మా ఇద్దరికీ తోచలేదు. తోచినా, గుమ్మంలో అంతమంది నిలబడి ఉంటే ఎవరు ఆగుతారు?

పదకొండో ఏట ఆ బిల్లు వచ్చింది. నలభై మంచాల లోపు ఆసుపత్రులన్నిటినీ మూసేసి జిల్లా ఆసుపత్రిలో కలిపేస్తారట. మా ఊరి నుంచి అక్కడికి బస్సులో రెండు గంటలు. సభలో పెద్దాయన బలం అంతంతమాత్రం. ప్రతి చెయ్యీ లెక్కే.

ఆ వారం బావకి అన్నం సయించలేదు. ఓటింగు ముందురోజు పొద్దున వంటింట్లో అక్క కూరగాయలు తరుగుతూ అడిగింది.

"రేపు చెయ్యెత్తుతావా?"

"ఎత్తకపోతే ఆ కాగితం బయటికి తీస్తారే."

"తియ్యనీ. పదవి పోతుంది. నీ ప్రాణమేం పోదు కదా."

"నీకు తెలీదు. వాళ్ళు పదవితో ఆపరు."

అక్క కత్తిపీట పక్కన పెట్టింది. "నాకూ భయమే. నువ్వు ఇంటికి ఆలస్యంగా వచ్చిన ప్రతిరోజూ భయమే. కానీ ఆ ఆసుపత్రి మూయడానికి నువ్వే చెయ్యెత్తి వచ్చావంటే, ఈ వీధిలో నేను తలెత్తుకు నడవలేను" అంది. బావ లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఎత్తెయ్యి బావా, మనకెందుకు అని ఆయన వెనకాలే వెళ్ళి చెప్పాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

మర్నాడు నేను సందర్శకుల వరసలో కూర్చున్నాను. చర్చ ముగుస్తుందనగా చివరి వరసలో బావ లేచి నిలబడ్డాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మైకు దగ్గరకి తీసుకోవడం కూడా చేతకాలేదు, పక్కాయన వంచి పెట్టాడు.

"అధ్యక్షా, మా ఆసుపత్రిలో ముప్పై మంచాలున్నాయి. ఇరవై రెండేళ్ళలో అన్నీ ఖాళీగా ఉన్న రోజు నేను చూళ్ళేదు. జిల్లా ఆసుపత్రికి రెండు గంటలు. పెద్ద జబ్బులవాళ్ళకి తోడు వెళ్ళి, ఆ రెండు గంటలు ఆగలేనివాళ్ళని బస్సులోంచి నా చేతుల్తో కిందికి దించాను. ఒక పిల్ల చెయ్యి నా చొక్కా పట్టుకునే ఉంది, పోయాక కూడా. ఇంకా చెప్పాలని ఉంది గానీ నాకు భయమేస్తోంది. కూర్చుంటాను."

ఎవరూ నవ్వలేదు. బావ చెయ్యి బిల్లుకి వ్యతిరేకంగా లేచింది. ఓట్లు లెక్కపెట్టారు. ఒక్క ఓటు తేడాతో బిల్లు వీగిపోయింది.

సాయంత్రం ఐదింటికి పార్టీ ఆఫీసు నుంచి ఫోను. బావకి కాదు, నాకు. అదే గది, అదే బల్ల. బీరువా తలుపు బార్లా తీసి ఉంది. మడతల దగ్గర పసుపు రంగుకి తిరిగిన కాగితం బల్ల మీద పరిచి ఉంది. మేనేజరు నా చేతికి కలం ఇచ్చాడు.

"తేదీ వెయ్యి. నిన్నటిది."

నిన్నటిదెందుకని అడిగాను.

"నిన్ననే రాజీనామా చేసినట్టయితే మీ బావ ఇవాళ సభ్యుడే కాడు. ఆ ఓటు చెల్లదు. రెండువైపులా సమానమవుతుంది. అప్పుడు సభాధ్యక్షుడి ఓటుతో బిల్లు గట్టెక్కుతుంది. నిన్ననే అందిందని సభ ఆఫీసులో రాసుకోవడానికి మనవాళ్ళున్నారులే."

"మరి మీరే వెయ్యొచ్చుగా" అన్నాను ఎలాగో.

"వేరే దస్తూరీ అయితే రేపు కోర్టులో ఎవడో ఒకడు పట్టుకుంటాడు. నీదయితే మీ బావ కూడా తన చేత్తో వేసిందే అనుకుంటాడు." అని సొరుగు లాగి, ఉత్తరాల కట్ట ఒకటి తీసి నా ముందు పడేశాడు. అన్నీ నేను రాసినవే, నేను సంతకం పెట్టినవే. "ఇవి మూడొందలు. ఒక్కోదానికి ఎన్నాళ్ళు జైలో లాయర్ని అడిగి రమ్మంటావా?"

మా ఇంటావిడ గుర్తొచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు. ఇవన్నీ సాకులని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాలో భయం తప్ప ఇంకేమీ లేదు. చెయ్యి మాత్రం వణకలేదు. బావ వేసినట్టే వేశాను.

మర్నాడు పొద్దున అధ్యక్షుడు సభలో చదివి వినిపించాడు. బావ ప్రసంగాన్ని రికార్డుల్లోంచి తీసేశారు. సభ్యుడు కానివాడు మాట్లాడినది మాటే కాదట. బిల్లు గెలిచింది. మా ఊరి ముప్పై మంచాలూ జిల్లాకి తరలిస్తారని మధ్యాహ్నం రేడియోలో చెప్పారు.

ఆ రోజంతా నేను ఇల్లు కదల్లేదు. సైకిలు బెల్లు మోగినా పోలీసులేమో అనిపించింది, బావేమో అనిపిస్తే ఇంకా భయం వేసింది. సాయంత్రం అక్కే కబురు పెట్టింది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను.

బావ వెనక వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సభ నుంచి పంపిన రాజీనామా నకలు ఒళ్ళో ఉంది. నేను స్తంభం దగ్గరే ఆగిపోయాను. ఆయన ఆ కాగితం మీది తేదీని చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"వాళ్ళు నిన్ను బాగా భయపెట్టారా?" అని అడిగాడు.

తల ఊపాను.

"అయ్యో" అని, బెంచీ మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.