వెళ్లకుండా రాసిన సభ

పందొమ్మిదివందల యాభైల మొదట్లో నేను హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రికలో విలేకరిని. సాయంత్రం సభలు ఎక్కువగా నాంపల్లిలో జరిగేవి. ఆబిడ్స్‌లోని మా ఆఫీసు నుంచి నడిచి వెళ్లే దారిలో ఒక ఇరానీ హోటల్ ఉండేది. ఐదు నిమిషాలని కూర్చునేవాణ్ణి. జేబులో ఆహ్వానపత్రం. అధ్యక్షులు, వక్తలు, విషయం అన్నీ అందులోనే అచ్చయి ఉండేవి. రెండో చాయ్ వచ్చేలోగా ‘ఉద్బోధించారు’, ‘విమర్శించారు’ తగిలించి వార్త పూర్తి చేసేవాణ్ణి. మొదటిసారి వాన పడుతోందని అలా చేశాను. తర్వాత వానతో పని లేకపోయింది.

ఒకరోజు ఒక సర్కారు బడిపంతులు మా పత్రిక పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఒక రాజకీయ సభలో ప్రభుత్వాన్ని విమర్శించారని నేను రాసిన వారిలో ఆయన పేరుంది.

“నేనేం మాట్లాడిన్నో జర నాకు గూడ చెప్పు తమ్మీ. మా బడుల ఇన్‌స్పెక్టర్ సాబు అడుగుతున్నడు.”

“ఆహ్వానం కార్డులో మీ పేరు...”

“నన్ను అడగకుంటనే ఏసిన్రు. రానని చెప్పిన. ఆ దినం మా ఇంటామెను దవాఖానల చేర్పించి గాడనే ఉన్న. సర్కారు నౌకరోడు గసొంటి సభల నోరు తెరిస్తే నౌకరి ఉంటదా?”

పక్క బల్లల దగ్గరివాళ్లు తలలెత్తారు. నేను గొంతు తగ్గించి, అచ్చుతప్పు పడింది, రేపు సవరణ వేస్తామన్నాను.

“అచ్చుతప్పయితే ఒక అచ్చరం పోతది. గీడ లేని మనిషే పుట్టిండు. నువ్వు గాడికి పోయినవా?”

లేదని ఒప్పుకున్నాను.

“మరి గదే రాసియ్యి,” అన్నాడు.

ఆయన వెంట ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్లి, సభకు వెళ్లకుండా కార్డు చూసి రాశానని కాగితం మీద పెట్టి సంతకం చేశాను. ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు. “రోజూ మీ పేపరే చదువుతం,” అని మాత్రం అన్నాడు. పంతులు ఉద్యోగం నిలిచింది.

బయటికి వచ్చాకే నాకు ఆయన భార్య సంగతి అడగాలని తోచింది.

“ఇంక దవాఖానలనే ఉన్నది. ఆమెను ఇడిచిపెట్టి మూడు దినాలసంది గీ పేపరు పట్టుకొని తిరుగుతున్న,” అని గబగబా వెళ్లిపోయాడు.

అంతవరకు సభలకు వెళ్లకుండా రాయడాన్ని బద్ధకం అనుకున్నాను. కాదు. జేబులో కార్డుంటే నాకు మనుషులతో అవసరం ఉండేది కాదు. అందుకని కార్డును ఆఫీసు సొరుగులోనే వదిలి, చోటు, వేళ మాత్రం చీటీ మీద రాసుకుని వెళ్లడం మొదలుపెట్టాను. కొన్ని నెలలదాకా కాళ్లు హోటల్ వైపే తిరిగేవి. రాయడానికేమీ లేక చాయ్ తాగి లేచేవాణ్ణి. రెండు మూడు సార్లు సభ నుంచి తిరిగొచ్చేవాళ్లను అడిగి రాసేసిన మాటా నిజమే.

పత్రికలో వేసిన సవరణలో ‘పొరపాటున’ అని మాత్రమే రాశాను. చదివేవాళ్లకు అసలు సంగతి తెలియనివ్వలేదు. అంతకు ముందు నేను రాసిన సభల గురించి ఎవరూ వచ్చి అడగలేదు. వాటిలో ఎవరు మాట్లాడారో, ఎవరు రానేలేదో నాకిప్పటికీ తెలియదు.