ఒంటి వాకిలి తల్లినౌక

మొన్న దుగ్గిరాలలో మా చెల్లెలి ఇంట్లో పిల్లలు కొత్త ఆట పెట్టె విప్పుతుంటే, బల్లమీద ఆడే అంతరిక్ష యుద్ధమట కదా అని ముచ్చటపడి నియమాల పుస్తకం అందుకున్నాను గానీ, ఫైటర్లనే చిన్న యుద్ధనౌకలను మోసే తల్లినౌకల పుట దగ్గరకు వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్కడున్న ఒంటి వాకిలి నియమం మా తెనాలి మిత్రుడిది. పెట్టె మీద పేరు మాత్రం వాడిది కాదు.

బాపట్లలో చదువుకునే రోజుల్లో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. పాత క్యాలెండర్ల వెనక గళ్ళు గీసి, అగ్గిపెట్టెలను నౌకలుగా, చింతపిక్కలను ఫైటర్లుగా పెట్టి సొంతంగా ఒక ఆట కట్టుకున్నాం. మొదట్లో తల్లినౌక ఎన్ని ఫైటర్లనైనా ఒకే వంతులో దింపుకుని మళ్ళీ వదలవచ్చు కనుక అది ఉన్నవాడిదే గెలుపు, త్వరలోనే విసుగొచ్చేసింది. అలాంటి సమయంలో, మా రేపల్లెకు రైల్లో వెళ్తుండగా, ఒంటి లైను కదా, వేమూరులో మా బండిని ఆపి ఎదురు బండికి దారి ఇచ్చారు. పక్కన కూర్చున్న తెనాలివాడు ఉన్నట్టుండి నా భుజం చరిచాడు.

“ఏంట్రా మనం చేసింది? వచ్చే ఫైటరూ పోయే ఫైటరూ ఒకే వాకిట్లో ఎలా పడతాయి? దింపుకునే వంతులో వదలకూడదు. రెండో వాకిలి కావాలంటే నౌక కవచం తగ్గించుకోవాలి!”

ఆ మాటతో ఆటకు ప్రాణం వచ్చింది. తల్లినౌక కూలితే, దిగే చోటు లేక గళ్ళలో మిగిలిపోయిన చింతపిక్కలను చూసి నిజంగానే దిగులుపడేవాళ్ళం.

ఇప్పుడు పెట్టె మీద ఉన్నది మా గదిలోని మూడోవాడి పేరు. ఫోన్ చేసి నిలదీశాను.

“అందరం కలిసి ఆడుకున్నదే కదరా, ఎవడిదని చెప్తాం? పైగా వాడు పోయాడు కూడా. ఈసారి అచ్చులో కృతజ్ఞతలని వేయిస్తాలే,” అన్నాడు తాపీగా.

“కృతజ్ఞతలెవడిక్కావాలి? చేసినవాడిగా వాడి పేరు వెయ్యి!”

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఆ పెట్టె పట్టుకుని తెనాలి వెళ్ళాను. మిత్రుడి భార్య కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని అన్ని వైపులా తిప్పి చూసి, “ఆయన పేరెక్కడుందన్నయ్యా?” అని అడిగింది.

ఆ బాపట్ల గదిలో ఓడిపోయినవాడు కూడా “భలే కట్టావురా” అని ఎదుటివాడి వీపు తట్టేవాడు. ఈ పెట్టెలోని నౌకలు ఎంత నునుపుగా, ఎంత అందంగా ఉన్నాయో! ఆ మెచ్చుకోలే ఎక్కడా లేదు. ఈ వయసులో అంత కోపం పనికిరాదని మా ఇంట్లో అంటున్నారు. వాడి తరఫున కోప్పడటానికి నేను కాక ఇంకెవరు మిగిలారు?