పెద్దమ్మ గ్లాడియోలస్ దుంపలు

మొన్న మా ఖరగ్‌పూర్ ఇందా బజారులో గ్లాడియోలస్ దుంపలు బేరమాడుతుంటే, పూలు అయిపోయాక వాటిని తవ్వి దాచే శ్రమ మీకెందుకు, పారేసి వచ్చే ఏడు కొత్తవి కొనుక్కోండి అన్నాడు నర్సరీ ఆయన. మంచికే చెప్పాడు గానీ, ఎవరో నమ్మి అప్పగించిన వస్తువును పారేయమన్నట్టు నా గుండె కలుక్కుమంది.

నా చిన్నప్పుడు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసే మా నాన్నకు ఎన్నాళ్ళకో రైల్వే క్వార్టరు దొరికింది. అందులో అంతకుముందున్నది మాలాగే సిక్కోలు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంటాయన ఉద్యోగంలో ఉండగానే పోవడంతో, ఆయన భార్య క్వార్టరు ఖాళీ చేసి ఇందాలో ఒక మేడ మీద గదికి మారింది. ఆవిడను మేము పెద్దమ్మ అనేవాళ్ళం. మేము సామాను దించుతున్న రోజున వాకిట్లో ఆవిడ నాటిన గ్లాడియోలస్‌లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. వాటిని చూసి అమ్మ, కొత్త ఇంటి సంతోషమంతా ఒక్కసారిగా పోయినట్టు, గుమ్మంలోనే కూలబడింది.

ఆకులు పసుపుబారే వేళకు పెద్దమ్మ వచ్చి గేటు బయటే నిలబడింది.

“దుంపలు తీసినావేటమ్మా? వాన పడితే కుళ్ళిపోతాయి.”

“నానేటి తీస్తానక్కా, అవి నీవి. లోపలికొచ్చి తీసుకెళ్ళు,” అంది అమ్మ.

“మేడ మీద గదిలో ఎక్కడ పాతమంటావు? నువ్వే ఉంచు.”

ఇద్దరూ కలిసే తవ్వారు. మట్టి దులిపి, నీడన ఆరబెట్టి, అడుగున ముడుచుకుపోయిన పాత దుంపలను తుంచేశారు. పెద్దమ్మ ఇంటివైపు తలెత్తి చూడలేదు. మంచినీళ్ళు కూడా వాకిట్లోనే తాగింది.

అమ్మ ఆ దుంపలను వెదురుబుట్టలో పొడి ఇసుకలో కప్పి మంచం కింద పెట్టింది. వానాకాలమంతా, బూజు పట్టిందేమోనని తీసి చూడడం, మళ్ళీ కప్పడం. ఒకరోజు బుట్ట ముందు కూర్చుని నాన్నతో అంది: “క్వార్టరు రావాలని మొక్కినాను గానీ, ఎవలి ఇల్లు కాళీ అవ్వాలో అనుకోలేదు.” 

దుర్గాపూజ వెళ్ళాక పెద్దమ్మను పిలిపించి ఆ మడిలోనే నాటించింది. ఫాల్గుణంలో మొదటి కంకి పూయగానే నాన్న కోసి దేవుడి పటం ముందు పెట్టాడు. పెద్దమ్మను అడక్కుండా కోశాడని అమ్మ ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. పెద్దమ్మ వచ్చినప్పుడు అమ్మ తనే తప్పు చేసినట్టు ఆ సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దమ్మ కత్తి అడిగి తీసుకుని, చేతులనిండా పూలు కోసి, వాటితో మొదటిసారి మా గడప దాటింది. ముందుగదిలో ఇత్తడి బిందెలో వాటిని సర్దింది.

“సెట్టు మీదే వాడిపోతే నాకేటి వస్తాదే? ఆయనున్నప్పుడు గదినిండా పెట్టీదాన్ని,” అంటూ గోడలన్నీ ఒక్కొక్కటిగా చూసి, అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత పెద్దమ్మ ఎప్పుడు వచ్చినా నేరుగా లోపలికే వచ్చేది. అయినా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మ అది మా ఇల్లు అని నోరారా అనలేదు.

ఇప్పుడు నేనుండేది ఇదే ఊళ్ళో, సుభాష్‌పల్లిలో ఒక ఫ్లాటు. ఒకరు వెళితే ఇంకొకరు వస్తారు, ముందున్నవాళ్ళెవరో, ఎందుకు వెళ్ళారో ఎవరూ అడగరు. చేరిననాడు నాకూ అడగాలని తోచలేదు. వాళ్ళు గోడలకు కొట్టి వదిలేసిన మేకులకే మా ఫోటోలు తగిలించుకున్నాం.